కొండ మీద నుంచి దొర్లిన మాకరోనీ

కొన్నేళ్ల క్రితం ఇటలీ రచయిత బొకాచియో కథల సంపుటి ‘డెకామెరాన్’లోని ఎనిమిదో రోజు మూడో కథను నా సరదా కోసం తెలుగులోకి తెచ్చుకుంటూ ఒక తప్పు చేశాను. 14వ శతాబ్దం నడుమ రాసిన ఆ కథలో కలండ్రీనో అనే అమాయకుడికి మాసో అనే గడుసువాడు బెంగోదీ అనే లేని సీమ గురించి చెబుతాడు. అక్కడ ద్రాక్షతీగలను సాసేజ్‌లతో కట్టేస్తారట. తురిమిన పార్మెజాన్ చీజ్‌తో ఏకంగా ఒక కొండే ఉందట. ఆ కొండ మీద ఉండేవాళ్లకు మక్కెరోనీ, రావియోలీ చేయడం, వాటిని బలిసిన కోడిపుంజుల మాంసరసంలో ఉడికించి కిందికి విసరడం తప్ప వేరే పనే లేదట. కింద ఉన్నవాళ్లలో ఎవరు ఎన్ని ఏరుకుంటే వాళ్లకు అన్ని. ఈ ‘మక్కెరోనీ’ దగ్గర నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ‘పాస్తా గొట్టాలు’ అని రాసి ముందుకు పోయాను.

చదివిన మిత్రుడొకరు ఒకే ఒక ప్రశ్న వేశారు: రసంలో ఉడికి మెత్తబడ్డ గొట్టాలను తురిమిన చీజ్ మీదికి విసిరితే అవి కిందిదాకా ఎలా వస్తాయి, పడినచోటే అతుక్కుపోవా? కట్టుకథలోని కొండకు లెక్కలేమిటని నవ్వుకున్నాను గాని, ఆ ప్రశ్న వదల్లేదు. ఆ మాట వెంట పడి వెతకగా తెలిసింది, నేను చూసిన గొట్టం బొకాచియో చూడలేదని. ఆయన కాలంలో ఆ మాట చాలాచోట్ల పిండి ఉండలకు పేరు. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ చదువుతూ పోతే, ఈ మాట ఒక ఆకారాన్ని పట్టుకుని నిలిచిన కాలం చాలా తక్కువని, ఆ తిండి కన్నా తినేవాడికే అది ఎక్కువగా అంటుకుందని అర్థమైంది.

ఈ మక్కెరోనీయే మనం మాకరోనీ అనే మాట. అది కాగితం మీద కనిపించే తొలి చోట్లలో ఇటలీలోని జెనోవా నగరపు ఒక దస్తావేజు ప్రసిద్ధమైనది. 1279లో ఊగొలీనో స్కార్పా అనే నోటరీ, పోంజియో బస్తోనే అనే వ్యక్తి సామాన్ల జాబితా రాస్తూ, అందులో ఒక పాత్ర నిండా ఉన్న మాకరోనీని కూడా చేర్చాడు. ఆస్తి జాబితాకెక్కిందంటే అది ఆ పూట వండి ఆ పూట తినేసేది కాదు, ఎండబెట్టి దాచుకున్నదే అయి ఉండాలి. పాస్తాను మార్కో పోలో చైనా నుంచి తెచ్చాడనే కథ ఎంత వినసొంపుగా ఉన్నా, ఆయన తిరిగి ఇల్లు చేరింది 1295లో. ఈ పాత్ర అప్పటికి పదహారేళ్ల ముందే జెనోవాలో లెక్కకొచ్చింది. అయితే ఆ పాత్రలో ఉన్నవి గొట్టాలా, ఉండలా, పుల్లలా అన్నది ఆ నోటరీ రాయలేదు. చదివేవాళ్లకు తెలిసిన వస్తువును ఎవరూ వర్ణించరు. పాత మాటలతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

మాట పుట్టుక గురించి రెండు వాదాలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి గ్రీకు ‘మకారియా’ నుంచి వచ్చిందంటుంది. పాత గ్రీకు నిఘంటువులో ఆ మాటకు బార్లీతో చేసిన ఒక వంటకమని అర్థముంది. రెండోది, ఇటలీ మాండలికాల్లో నలగ్గొట్టడం, చిదమడం అనే అర్థమున్న ‘మక్కారే’ అనే క్రియను చూపుతుంది. దీని చుట్టమే సిసిలీలో చిక్కుళ్లను మెత్తగా చిదిమి వండే ‘మక్కు’ పేరని అంటారు. పండితులు ఇంకా తేల్చలేదు. నా మొగ్గు రెండో వాదం వైపే. ఎందుకంటే ఈ మాట తర్వాతి బతుకంతా పిండిని పిసకడం, బాదం నూరడం లాంటి పనుల చుట్టూనే తిరిగింది. పైగా ప్రాచీన రోమ్‌లో ఆడిన అతెల్లాన్ ప్రహసనాల్లో తిండిపోతు మూర్ఖుడి పాత్ర పేరు ‘మక్కుస్’. ఆ పేరుకూ ఈ క్రియకూ నిజంగా నెత్తురు సంబంధం ఉన్నా లేకపోయినా, మాకరోనీ తర్వాతి కాలంలో ఆ పాత్రనే పదేపదే వేసింది. నేటి ఇటాలియన్‌లోనూ ఒక మనిషిని ‘మక్కెరోనే’ అంటే మొద్దు అని అర్థం.

15వ శతాబ్దం నడుమకు వస్తే మార్తీనో అనే మహా వంటవాడి చేతిరాత మనకు దొరుకుతుంది. ఈయన ఒక కార్డినల్ దగ్గర, అంటే క్యాథలిక్ చర్చి పెద్ద దగ్గర, వంట చేసినవాడు. ఆయన పుస్తకంలో ఒకే పేరు కింద రెండు వేర్వేరు వంటకాలున్నాయి. ఒకటి రోమ్ తీరు మక్కరోనీ: పిండిని పలచగా వత్తి, కర్రకు చుట్టి, కర్ర లాగేసి, ఆ చుట్టను చిటికెన వేలు వెడల్పున కోస్తే నాడాల్లాంటి ముక్కలొస్తాయి. రెండోది సిసిలీ తీరుది, దాన్ని ఆయన చెప్పిన పద్ధతి చదువుతుంటే వంటింట్లో పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. మంచి పిండిలో గుడ్డు తెల్లసొన, గులాబీ పన్నీరు పోసి గట్టిగా కలపాలి. జానెడు పొడవున, గడ్డిపోచంత సన్నగా పుల్లలు చేయాలి. దారమంత సన్నని ఇనుప తీగను పుల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో బల్ల మీద ఒక్కసారి దొర్లించి, తీగను లాగేయాలి. అప్పుడు నడుమ బెజ్జం పడుతుంది. ఎండలో ఆరబెట్టుకుంటే రెండు మూడేళ్లు నిలవ ఉంటాయని, అందులోనూ ఆగస్టు నెల వెన్నెల రోజుల్లో చేసినవి మరీ బాగా నిలుస్తాయని రాశాడు. వాటిని రెండు గంటలు ఉడకబెట్టి, మీద చీజ్ తురుము, వెన్న, కమ్మని మసాలాలు దట్టంగా వేసి వడ్డించాలి. పన్నీరు పోసి కలిపిన పిండిని రెండు గంటలు ఉడికించడమనేది నేటి ఇటాలియన్ వంటవాడు వింటే ముఖం తిప్పుకునే సంగతి. మనకు కావలసింది మాత్రం ఇది: గొట్టం ఆకారం అప్పటికే ఉంది, కాని అది సిసిలీ వాళ్ల ప్రత్యేకత, రోమ్‌లో అదే పేరుకు నాడా ముక్క అర్థం.

అదే శతాబ్దం చివర ఉత్తర ఇటలీలో ఈ మాట వంటింటి గడప దాటి సాహిత్యంలోకి వచ్చింది. పాదువా విశ్వవిద్యాలయం ఊళ్లో తీఫీ ఓదాసీ అనే కవి, లాటిన్‌లో స్థానిక మాండలికం కలిపి ‘మకరోనేయా’ అనే హాస్యకావ్యం రాశాడు. ఆ పద్ధతికి పట్టం కట్టినవాడు మాంతువాకు చెందిన బెనెడిక్టైన్ సన్యాసి తెయోఫీలో ఫొలెంగో. 1491లో పుట్టిన ఈయన 1517లో మెర్లీన్ కొకాయీ అనే మారుపేరుతో ‘బాల్దుస్’ కావ్యాన్ని అచ్చు వేయించాడు. ఛందస్సు ప్రాచీన రోమన్ మహాకవి వర్జిల్‌ది, విభక్తులు లాటిన్‌వి, మాటలు మాత్రం పొలం గట్టువి. ఇదేమి కవిత్వమని అడిగేవాళ్లకు ఆయన తర్వాతి ముద్రణలో జవాబిచ్చాడు: ఈ కళకు పేరు మాకరోనీ నుంచి వచ్చిందనీ, మాకరోనీ అంటే పిండి, చీజ్, వెన్న కలిపి చేసే ముతకదైన, మోటుదైన పల్లెటూరి వంటకమనీ, అందుకే ఈ కవిత్వంలోనూ కొవ్వు, మోటుతనం, ముతక మాటలు తప్ప మరేమీ ఉండకూడదనీ.

మనకు రెండు భాషలు కలిపి రాసే పద్ధతికి మణిప్రవాళమనే అందమైన పేరుంది. మాణిక్యాలూ పగడాలూ ఒకే దండలో గుచ్చినట్టు అని. ఇటలీ వాళ్లు అదే పనికి పిండి ముద్ద పేరు పెట్టారు. కలిపినవాడి ఉద్దేశం రెండుచోట్లా ఒకటి కాదు. మణిప్రవాళంలో రెండు భాషలూ ఒకదాని పక్కన మరొకటి మెరవాలి. ఫొలెంగో మాత్రం లాటిన్‌కు కావాలనే మట్టి పూశాడు. ఆ మాటకు నేటికీ ఆ వాసన పోలేదు. వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడేవాణ్ని ఇటాలియన్లు ‘మక్కెరోనీ ఇంగ్లిష్’ మాట్లాడుతున్నాడనే అంటారు.

నా మిత్రుడి ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఈ ఫొలెంగో దగ్గరే. ‘బాల్దుస్’ మొదట్లో ఆయన గ్రీకుల కవిత్వ దేవుడు అపోలోను, హెలికాన్ కొండ మీది కళాదేవతలను వద్దని పక్కకు నెట్టి, పొట్ట నింపే తన సొంత కళాదేవతలను పిలుస్తాడు. గోసా, కొమీనా, స్త్రియాత్సా, మఫెలీనా, తోన్యా, పెద్రాలా అని వాళ్లకు పల్లెపడుచుల పేర్లు పెట్టి, వచ్చి తమ కవి నోట్లో మాకరోనీ ముద్దలు పెట్టమంటాడు. వాళ్లుండే కొండ గట్టి చీజ్‌ది. దాని మీద కొందరు దేవతలు చీజ్ తురుముతుంటే మరికొందరు మెత్తని న్యొక్కి చేస్తుంటారు. ఆ పిండి ఉండలు తురుములో పొర్లుతూ, ఒకదాన్ని మరొకటి తోసుకుంటూ, కొండ కొప్పు మీద నుంచి కిందికి దొర్లుతూ, దొర్లినకొద్దీ పీపాల్లాగా పొట్టలు ఉబ్బుతాయట. ఇది బొకాచియో కొండే. నూట అరవై ఏళ్ల తర్వాత ఇంకొక కవి దాన్ని దగ్గరికెళ్లి చూసి వర్ణించాడు, అంతే. దొర్లడానికి ఆయన వాడిన ‘రిగొలంత్’ అనే క్రియ లాటిన్ నిఘంటువులో వెతికితే కనిపించదు. అది ఊరి మాటకు లాటిన్ బహువచనం తగిలించి చేసింది. మన ‘దొర్లు’కు సంస్కృత ప్రత్యయం తగిలించి ‘దొర్లంతి’ అన్నట్టు.

మరి ఉండ కాస్తా గొట్టం ఎలా అయింది? దీనికి నేపుల్స్ వెళ్లాలి. 16వ శతాబ్దంలో ‘మక్కెరోనీ తినేవాళ్లు’ అనేది నేపుల్స్ వాళ్లకున్న పేరు కాదు, సిసిలీ వాళ్లది. నేపుల్స్ వాళ్లను ‘ఆకులు తినేవాళ్లు’ అని ఎగతాళి చేసేవారు, ఎందుకంటే వాళ్ల రోజువారీ తిండి మాంసం, దానితోపాటు బోలెడంత క్యాబేజీ. 17వ శతాబ్దంలో స్పెయిన్ ఏలుబడి కింద నగరం జనంతో కిక్కిరిసింది, మాంసం సామాన్యుడికి అందకుండా పోయింది, అదే కాలంలో పిండి పిసికే యంత్రం, పిండిని అచ్చులోంచి తోసే మరయంత్రం వాడుకలోకి వచ్చి పాస్తా చవకబడింది. ఇలా నేపుల్స్ క్యాబేజీ నుంచి మాకరోనీకి మారింది, సిసిలీ వాళ్ల ఎగతాళి పేరు కూడా మెల్లగా జలసంధి దాటి నేపుల్స్ నెత్తిన పడింది.

యంత్రం చేసిన పనిని ఇంకాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే మార్తీనో ఇనుప తీగ ఇక్కడ వేరే రూపంలో కనిపిస్తుంది. అచ్చు అంటే చిల్లులున్న మందపాటి లోహపు బిళ్ల. ఉత్త చిల్లు నుంచి పిండిని తోస్తే నిండు పోగు వస్తుంది. బోలు పోగు రావాలంటే చిల్లు నడుమ ఒక సన్నని ములుకు నిలబడాలి, కాని గాలిలో ఏదీ నిలబడదు గనుక ఆ ములుకును అచ్చు గోడకు చిన్న చిన్న చేతులతో బిగిస్తారు. పిండి ఆ చేతుల దగ్గర చీలి, దాటగానే ఒత్తిడికి మళ్లీ కలిసి అతుక్కుంటుంది, ములుకు ఉన్న మేర మాత్రం ఖాళీ మిగులుతుంది. ఒక్కో పుల్లకూ ఒక తీగ పెట్టి అరచేతితో దొర్లించిన పని ఇప్పుడు ఒకే నొక్కుతో డజన్ల గొట్టాలకు జరిగిపోతుంది. అలా వచ్చిన పొడుగాటి గొట్టాలను కర్రల మీద వేలాడదీసి నేపుల్స్ చుట్టుపక్కల గ్రన్యానో, తొర్రె అనున్‌చియాతా లాంటి ఊళ్లలో వీధుల్లోనే ఆరబెట్టేవారు. 1787లో నేపుల్స్ చూసిన జర్మన్ కవి గోథే, మాకరోనీ అన్నిచోట్లా అతి చవకగా దొరుకుతుందనీ, నీళ్లలో ఉడికించి పైన చీజ్ తురుము చల్లితే నెయ్యీ మసాలా రెండూ అదే అవుతుందనీ రాసుకున్నాడు. వీధిలో నిలబడి, తల వెనక్కి వాల్చి, చేత్తో పైకెత్తి నోట్లోకి దించుకునే పేదవాడి బొమ్మ పర్యాటకులకు వేడుకైపోయింది. వాళ్లు నాణెం విసిరి మరీ తినిపించి చూసేవారు, తర్వాతి శతాబ్దంలో ఫొటోలు కూడా అమ్ముడుపోయాయి. ఆకలిని చూపి డబ్బు పుచ్చుకోవలసి వచ్చిన మనిషిని ఆ ఫొటోల్లో చూసినప్పుడల్లా నాకు నవ్వు రాదు.

ఈ ముద్ర ఎంత గట్టిగా పడిందంటే, 1860 వేసవిలో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడుతున్న గరిబాల్దీ సిసిలీని గెలిచి నేపుల్స్ వైపు చూస్తున్నప్పుడు, ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ రాజ్యపు ప్రధానమంత్రి కవూర్ ఒక ఉత్తరంలో, నారింజలు ఇప్పటికే మన బల్ల మీదికి వచ్చాయనీ వాటిని తినే తీరతామనీ, మాకరోనీ మాత్రం ఇంకా ఉడకలేదనీ ఫ్రెంచ్‌లో రాశాడు. నారింజలంటే సిసిలీ, మాకరోనీ అంటే నేపుల్స్ రాజ్యం. ఆ సెప్టెంబరు 7న గరిబాల్దీ నేపుల్స్‌లో అడుగుపెట్టాడు. ఒక దేశపు ఏకీకరణ మొత్తాన్ని వంటింటి భాషలో చెప్పిన ఈ వాక్యంలో చమత్కారం ఉంది, ఉత్తరాదివాడి చిన్నచూపు కూడా ఉంది.

అప్పటికి దాదాపు వందేళ్ల ముందే ఇంగ్లండ్‌లో ఈ మాటకు మరో వేషం వేశారు. డబ్బున్న ఇంటి కుర్రాళ్లు చదువు పూర్తికాగానే ఫ్రాన్స్, ఇటలీ తిరిగి రావడం అక్కడి ఆనవాయితీ. అలా తిరిగొచ్చిన కొందరు అక్కడి దుస్తులు, అక్కడి మర్యాదలు, అక్కడి తిండి తప్ప దేన్నీ మెచ్చేవారు కారు. 1764 ఫిబ్రవరిలో ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్ రాసిన ఉత్తరంలో, పొడుగాటి ముంగురులు, చేతిలో దూరదర్శిని అద్దాలతో తిరిగే దేశాలు చూసొచ్చిన కుర్రాళ్లందరి ‘మాకరోనీ క్లబ్’ ప్రస్తావన ఉంది. దానికి నిజంగా ఒక గది, ఒక చిరునామా ఉన్నాయనుకోనక్కర్లేదు. అది ఒక తరహా మనుషులకు పెట్టిన పేరు. 1770ల మొదట్లో వీళ్ల తలకట్టు అడుగు ఎత్తుకు లేచింది, వెనక జుట్టు లావాటి ముడిగా వేలాడింది, ఆ గోపురం మీద అరచేతిలో పట్టేంత టోపీ కూర్చుంది. కోటు బిగుతైంది, బూట్ల మీద బకిల్ పెద్దదైంది.

లండన్‌లో స్ట్రాండ్ వీధిలో మాథ్యూ డార్లీ, మేరీ డార్లీ దంపతుల బొమ్మల దుకాణం ఈ వేషం మీదే వ్యాపారం చేసింది. 1771 నుంచి 1773 దాకా వాళ్లు మాకరోనీల వ్యంగ్య చిత్రాలు వరుసగా అచ్చు వేశారు, దుకాణం కిటికీ ముందు జనం గుమిగూడేవారు. కొన్నాళ్లకు ఏ వృత్తిలోని వాణ్నయినా మాకరోనీ అనేశారు. కెప్టెన్ కుక్‌తో భూగోళం చుట్టి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌ను సీతాకోకచిలుకను పట్టబోతూ భూగోళాల మీద కాళ్లు బార్లా చాపి నిలబడ్డ ‘ఈగలు పట్టే మాకరోనీ’గా గీశారు. ఆయన వెంట వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు సోలాండర్ ‘మూలికలు ఏరే మాకరోనీ’ అయ్యాడు. తర్వాతి కాలంలో పార్లమెంటును ఊపేసిన చార్లెస్ జేమ్స్ ఫాక్స్ కూడా కుర్రతనంలో ఈ గుంపులోవాడే. 1770లో ఒక పత్రిక మాకరోనీని ఆడా మగా కాని నపుంసకలింగపు జంతువనీ, అర్థం లేకుండా మాట్లాడుతుందనీ, ఆకలి లేకుండా తింటుందనీ తిట్టిపోసింది. బెంగోదీ కొండ కింద నోరు తెరిచి నిలబడ్డవాడికి ఉన్నదల్లా ఆకలే. నాలుగు వందల ఏళ్లు తిరిగేసరికి అదే మాట ఆకలి లేనివాడికి పేరైంది. ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువగా ఆపిన చోటు ఇదే.

ఈ అర్థం తెలియకపోతే అమెరికా పిల్లలందరూ పాడే ‘యాంకీ డూడుల్’ అర్థం కాదు. అందులో టట్టు గుర్రమెక్కి ఊరికొచ్చిన బైతు టోపీలో ఒక ఈక గుచ్చుకుని దాన్ని మాకరోనీ అంటాడు. ఈకకూ పాస్తాకూ ఏమిటి సంబంధమని తలలు పట్టుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. పాస్తా ప్రసక్తే లేదక్కడ. ఒక్క ఈకతో లండన్ షోకిలానైపోయాననుకున్నాడని వలస ప్రాంతపు మోటువాణ్ని బ్రిటిష్ సైనికులు వెక్కిరించిన మాట అది. వెక్కిరింపు పడ్డవాళ్లే ఆ పాటను సొంతం చేసుకుని యుద్ధం గెలిచారు. 1978లో కనెక్టికట్ దాన్ని తన రాష్ట్ర గీతంగా కూడా ప్రకటించుకుంది. లండన్ ఫ్యాషన్ పోయినా, ఆ మాట దూరపు సముద్రాల్లో ఒక పక్షికి మిగిలింది. దక్షిణ జార్జియా లాంటి మంచు దీవుల్లో కనుబొమల మీది నుంచి పసుపు ఈకలు వెనక్కి దువ్వినట్టుండే పెంగ్విన్‌ను ఇంగ్లిష్ నావికులు మాకరోనీ పెంగ్విన్ అన్నారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరుకు బంగారు శిఖ కలదని మాత్రమే అర్థం, నావికులదే బాగుంది.

ఆ అమెరికాకే మూడో అధ్యక్షుడైన జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు నేపుల్స్ నుంచి మాకరోనీ అచ్చు తెప్పించుకున్నాడు. ఆయన గీసుకున్న యంత్రం బొమ్మ, పక్కన రాసుకున్న వివరాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 1802 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఇంట్లో విందు తిన్న మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యుడు మనాసె కట్లర్ తన దినచర్యలో ‘మాకరోనీ అనే పై’ గురించి రాసుకున్నాడు. పైన పిండి పెంకు, లోపల ఉల్లి కాడల్లాంటివేవో ఉన్నాయి, ఘాటుగా ఉంది, బాగోలేదు అని ఆయన తీర్పు. అధ్యక్షుడి కార్యదర్శి మెరివెదర్ లూయిస్ మాత్రం, అందులో ఉల్లి ఏమీ లేదని, అదొక ఇటలీ వంటకమని, ఆ కాడల్లా కనిపించేవి పిండితో చేసినవని చెప్పాడట. పేరు ముందుగా విందుకొచ్చింది, వస్తువును మాత్రం నాలుక పోల్చుకోలేకపోయింది. కట్లర్‌ను నేను తప్పుపట్టను. నేను కొండ మీద గొట్టాలను చూసినట్టే ఆయన పెంకులో ఉల్లి కాడలను చూశాడు.

తర్వాతి వందేళ్లలో అమెరికాలో ఈ మాట పాస్తా మొత్తానికీ గొడుగైపోయింది. 1898లో రష్యా వెళ్లి గట్టి గింజ గోధుమ విత్తనాలు తెచ్చిన వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త మార్క్ కార్లెటన్ వాటిని ‘మాకరోనీ గోధుమలు’ అన్నాడు. 1904లో పుట్టిన అక్కడి పాస్తా తయారీదార్ల జాతీయ సంఘం పేరులో ఉన్నది మాకరోనీయే. పాస్తా అనే మాట ఆ పేరులోకి వచ్చింది 1980లు మొదలయ్యాకే. ఈ రెండు అర్థాలూ ఒకేచోట ఇరుక్కున్న వింతను అమెరికా సమాఖ్య ఆహార నిబంధనల్లో చూడవచ్చు. అందులో ‘మాకరోనీ ఉత్పత్తులు’ అనే శీర్షిక కిందే స్పగెట్టీ, వెర్మిసెల్లీ కూడా వస్తాయి. మళ్లీ ఆ శీర్షిక లోపల మాకరోనీ అంటే గొట్టంలా ఉండి, 0.11 అంగుళం కన్నా లావుగా, 0.27 అంగుళానికి మించకుండా ఉన్నదే. 0.06 నుంచి 0.11 దాకా స్పగెట్టీ, అంతకన్నా సన్ననిది వెర్మిసెల్లీ. అంటే ఆ చట్టం ప్రకారం స్పగెట్టీ మాకరోనీ ఉత్పత్తే, కాని మాకరోనీ కాదు. ఆరు వందల ఏళ్లు ఏ ఆకారానికీ లొంగని మాటను అంగుళంలో నూరో వంతుల దాకా కొలిచిపెట్టిన గుమాస్తా ఓపికకు దండం పెట్టాలి.

ఐరోపాలో ఆ కొలబద్ద చెల్లదు. ఇటలీలోనే అబ్రుత్సో ప్రాంతంలో తీగలు బిగించిన చట్రం మీద పిండి రేకును పరిచి అప్పడాల కర్రతో వత్తి కోసే నలుచదరపు పోగులను కూడా మక్కెరోనీ అంటారు. వాటిలో బెజ్జం మచ్చుకైనా ఉండదు. 1891లో వంటల పుస్తకం వేసిన ఆర్తూసి బొలోన్యా తీరు మక్కెరోనీకి ‘గుర్రప్పళ్లు’ అనే పొట్టి రకం వాడమన్నాడు. గ్రీకుల ‘మకరోన్యా’ స్పగెట్టీ. రష్యన్ల ‘మకరొనీ’ ఏ పాస్తా అయినా సరే. ఫ్రెంచ్‌వాళ్లు ఇటలీ నుంచి ఈ మాటను తీసుకుని నూరిన బాదంతో చేసే తీపి బిళ్లకు ‘మకరోన్’ అని పెట్టారు, ఆ బిళ్ల గుండ్రదనం చూసి చెవుల మీద చుట్టిన జడ ముడులనూ కోటుకు పెట్టుకునే గుండ్రటి బ్యాడ్జీనీ అదే పేరుతో పిలిచారు. కూలి కోసం వచ్చిన ఇటలీవాడిని తిట్టాలన్నా ఆ ఫ్రెంచ్‌వాళ్లకు దొరికిన మాట ‘మకరోనీ’. ఇటాలియన్లు తీసిన కౌబాయ్ సినిమాలను మిగతా ప్రపంచం స్పగెట్టీ పేరుతో పిలిస్తే జపాన్‌వాళ్లు మాకరోనీ వెస్టర్న్ అన్నారు. ఇంత తిట్టుకూ ఎదురుగా ఇటాలియన్‌లో ఒక మంచి నుడికారం ఉంది: అనుకోకుండా సరిగ్గా అతికినట్టు కుదిరిన దాన్ని ‘మక్కెరోనీ మీద చీజ్ పడ్డట్టు’ అంటారు. బెంగోదీ కొండకు తలకిందులు.

ఈమధ్య ఆ పాత అనువాదం కాగితాలు తీసి ‘పాస్తా గొట్టాలు’ కొట్టేశాను. దాని చోట ‘పిండి ఉండలు’ అని రాస్తే అర్థం సరిపోయింది గాని, మాట నడిచిన దారంతా చెరిగిపోయినట్టనిపించి, చివరికి ‘మక్కెరోనీ’ అనే వదిలేశాను. క్రియ దగ్గర ఇంకాసేపు ఆగాను. బొకాచియో విసిరారని మాత్రమే రాశాడు, దొర్లడం ఫొలెంగోది. ఒకరి క్రియను మరొకరి నోట పెట్టడం అనువాదకుడికి తగని పని. కాబట్టి వాళ్లు విసిరారనే రాసి, కింద ఏరుకునేవాళ్ల వాక్యంలో మాత్రం మూలంలో లేని ఒక్క మాట చేర్చాను: తమ వైపు దొర్లి వచ్చినవాటిని.